మాసిక కింద తూరు

షామ్‌బర్గ్,
ఫిబ్రవరి 16.

చెల్లెలు ప్రేమజ్యోతికి,

నీ అన్నయ్య దైవాశీర్వాదం ప్రభువు పేరిట వందనాలు చెప్పి రాస్తున్నాను. ఇక్కడ మంచు మోకాలిదాకా పడింది. నేను మాత్రం కులాసా.

నీ ఉత్తరం అందింది. ఫోనులో నీ మాట నాకు వినబడటం లేదని ప్లేనోలో కూర్చుని నువ్వు మళ్ళీ కాగితం, కలం పట్టినందుకు సంతోషం. నీ దస్తూరీ చిన్నప్పటిలాగే ఉంది, కోడి గెలికినట్టు.

"వదిన వేసిన తూరు చార్టు ఇచ్చేయకూడదా, అడిగేవాళ్ళున్నారు" అని రాశావు. అడిగేవాళ్ళు ఎవరో రాయలేదు. నువ్వు రాయకపోతే నాకు తెలియదా? ఆ పిల్లకి చెప్పు, ఇవ్వనని. ఆ పాఠాన్ని నమ్మనివాళ్ళకి ఆ చార్టుతో పనేమిటి?

దాని విలువ నువ్వు మర్చిపోయినట్టున్నావు. మీ వదిన దాన్ని వేసింది మా పెళ్ళయిన ఏడాది, బందరులో. పెద్ద మంచం దుప్పటి మీద వేసింది. సముద్రానికి బట్టలకు పెట్టే నీలిమందు, కోటగోడలకి ఇటుకపొడి. తూరు రాజుల ఊదారంగు మాత్రం బజార్లో ఎక్కడా దొరక్క నేరేడుపళ్ళు పిండి వేసింది. ఆ ఊదా ఇప్పుడు ఎండుటాకు రంగుకి తిరిగింది. అయినా సండే స్కూల్లో ఆ దుప్పటి విప్పానంటే పిల్లలు ఫోన్లు పక్కన పెట్టి చూస్తారు.

ఎందుకు చూడరు? బైబిల్లో తూరంటే సముద్రం మధ్యలో రాతి దీవి, దాని మీద ఊరు. పాతకాలపు ఓడవర్తకులు ఫినీషియన్ల రేవు. వాళ్ళ ఓడలు వెళ్ళని నీళ్ళు లేవు. నత్తల్ని పిండి తీసిన రంగుతో రాజులకి బట్టలు అద్దారు. అంతటి ఊరు గర్వించింది, పడిపోయింది, వెదికినా దొరకదని ప్రవక్త చెప్పినట్టే మాయమైంది. ఒక పగలూ రాత్రిలో మునిగిపోయిన దీవి అని గ్రీకులు చెప్పుకునే అట్లాంటిస్ కూడా ఇదేనని నా నమ్మకం. బెజవాడ స్టేషన్‌లో కొన్న ఒక పుస్తకం చదివినప్పటి నుంచీ నేను ఆ ముక్క కూడా కలిపే చెబుతున్నాను. ముప్పై ఏడేళ్ళుగా ఏడాదికోసారి ఈ పాఠం చెబుతూనే ఉన్నాను.

ఈ జూన్‌లో చెప్పేదే ఆఖరుది కావచ్చు. పిల్లలు అడిగే ప్రశ్నలు నాకు వినబడటం లేదని పాస్టరుగారు మెల్లగా చెప్పారు. ఆయన ఎంత మెల్లగా చెప్పారంటే మూడుసార్లు చెప్పించుకోవలసి వచ్చింది.

ఇట్లు,
అన్నయ్య


ప్లేనో,
మార్చి 9.

అన్నయ్యకి,

వందనాలు. నీ ఉత్తరం చదివి ఒక రోజు ఊరుకున్నాను, కోపం తగ్గాక రాద్దామని. తగ్గలేదు, అందుకని ఇప్పుడే రాస్తున్నాను.

"ఆ పిల్ల" ఏమిటి? ఆ పిల్లకి పేరుంది. ఫెబీ. పెళ్ళయిన పదేళ్ళకి పుట్టిందని నువ్వే షామ్‌బర్గ్ చర్చి అంతా లడ్డూలు పంచావు.

ఏమంత నేరం చేసింది? పదిహేడేళ్ళ పిల్ల నీ క్లాసులో లేచి నిలబడి, "డాడీ, తూరు మాయం అవ్వలేదు. లెబనాన్‌లో ఉంది. మనుషులు ఉన్నారు. చూడు" అని ఫోనులో ఫోటో చూపించింది. పిల్లలు నవ్వారు. నీ మొహం కందగడ్డ అయింది. "వాక్యం కన్నా ఫోను ఎక్కువ అనుకునేవాళ్ళు బయటికి వెళ్ళొచ్చు" అన్నావు. ఆ పిల్ల వెళ్ళింది. తొమ్మిదేళ్ళయింది, ఇంకా తిరిగి రాలేదు. వదిన పోయినప్పుడు కూడా సమాధి దగ్గర మీరిద్దరూ పక్కపక్కనే నిలబడి, చెరో వైపు చూస్తూ మట్టి వేశారు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ అన్నం సహించదు.

నువ్వు పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. మన నాన్నగారూ అంతే. నీకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టేనని అమ్మ అనేది. అప్పట్లో నీ చెవులు బాగానే ఉండేవి.

చెవుల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. చెవి మిషన్ పెట్టించుకో. అది పెట్టుకుంటే ముసలివాడినైపోతానని అనుకుంటున్నావేమో, డెబ్బై ఒకటి వచ్చినవాణ్ణి కొత్తగా అయ్యేదేముంది? మిషన్ పెట్టుకుంటే పాస్టరుగారు నిన్ను క్లాసు మానమనరు. ఇంకోటి, ఫెబీ సన్నీవేల్ నుంచి ప్రతి ఆదివారం నాకు ఫోన్ చేస్తుంది. "డాడీకి హెల్త్ ఎలా ఉంది అత్తా?" అని మొదట అడిగేది అదే. నీకు వినబడితే నీకే చేస్తుందేమో.

చార్టు ఆ పిల్ల ఎందుకు అడిగిందో నాకు తెలుసు. ఇప్పుడు చెప్పను.

చెల్లెలు
ప్రేమజ్యోతి


షామ్‌బర్గ్,
ఏప్రిల్ 27.

జ్యోతికి,

ఈ ఉత్తరం నిదానంగా, కూర్చుని చదువు. నాకు మూడు రోజులుగా నిద్ర సరిగ్గా లేదు. దిగులేమీ లేదు. ఏమనాలో తెలియడం లేదు.

నీ పోరు పడలేక చెవి మిషన్ కోసం వెళ్ళాను. అక్కడ చెవులు పరీక్షించే అమ్మాయికి నలభై ఏళ్ళుంటాయి. పేరు నవాల్. చెవిలో ఏదో దూర్చి, కంప్యూటర్లో ఏదో తిప్పి, "వినబడుతోందా?" అంది. మొదట వినబడింది నా చొక్కా కాలరు రాసుకుంటున్న చప్పుడు. తర్వాత ఆ గదిలో గడియారం. గోడలకి కూడా చప్పుడుంటుందని మర్చిపోయాను జ్యోతీ.

ఆమె బల్ల మీద ఒక ఫోటో ఉంది. రేవు, రాతిగట్టు, గట్టు నిండా వలలు ఆరేసి ఉన్నాయి. రంగురంగుల పడవలు. అచ్చం మన బందరు గిలకలదిండి రేవు. "ఇది బందరా?" అని అడిగేశాను. నవ్వింది. "మా ఊరు. లెబనాన్‌లో సూర్ అంటాం. మీరు చర్చికి వెళ్ళేవారైతే తూరు అంటే తెలుస్తుంది" అంది.

నేనేమన్నానో తెలుసా? "ఆ ఊరు లేదమ్మా" అన్నాను. ముప్పై ఏడేళ్ళ అలవాటు, నోటికి అదే వచ్చింది.

ఆమె కోప్పడలేదు. "మరి మా అమ్మ పొద్దున టమాటాలు ఎక్కడ కొన్నట్టు?" అంది.

నేను చార్టు మీద కర్ర పెట్టి చూపించిన ఊరు, ఏటేటా పిల్లల ముందు ముంచేసిన ఊరు, ఆ ఊళ్ళో పుట్టిన మనిషి నా ఎదురుగా తెల్లకోటు వేసుకుని నా చెవిలో గులిమి తీస్తోంది.

రెండోసారి మిషన్ సరిచేయించుకునే వంకతో మళ్ళీ వెళ్ళాను. ఆమెకి భోజనం టైము. పది నిమిషాలు మాట్లాడుతుందనుకున్నాను, గంట మాట్లాడింది. వాళ్ళ నాన్న జాలరి. వాళ్ళూ మనలాగే చర్చివాళ్ళు, వాళ్ళ పేట రేవు పక్కనే. పోయిన ఏడాది బాంబులు పడ్డప్పుడు వాళ్ళమ్మ ఊరు విడిచింది, నెమ్మదించగానే మళ్ళీ వెళ్ళిపోయింది. "ఎందుకు వెళ్ళావమ్మా అంటే, నా మొక్కలకి నీళ్ళెవరు పోస్తారంటుంది" అని చెప్పి కళ్ళు తుడుచుకుంది.

ఇది విను. తూరు దీవి కదా, అలెగ్జాండర్‌కి లొంగలేదు. అతను ఏం చేశాడంటే ఒడ్డున ఉన్న పాత ఊరిని పడగొట్టి, ఆ రాళ్ళూ దూలాలూ మట్టీ సముద్రంలో పోయించి దీవి దాకా బాట వేశాడు. నెలల తరబడి. ఇదంతా నేనూ పాఠంలో చెబుతాను, నాశనం అని చెప్పి చార్టు చుట్టేస్తాను. ఆ తర్వాతి సంగతి నవాల్ చెప్పింది. ఆ బాటకి రెండువైపులా అలలు ఇసుక తెచ్చి పోశాయట. ఏటేటా కొంచెం కొంచెం. దీవి దీవిగా లేకుండా పోయింది, నేలలో కలిసింది. ఇప్పుడా ఇసుక మీద ఇళ్ళున్నాయి, బడులున్నాయి, ట్రాఫిక్ ఉంది. "మా పెదనాన్న ఇల్లు ఆ బాట మీదే" అంది, మన వాళ్ళ ఇల్లు రాబర్ట్‌సన్‌పేటలో అన్నంత మామూలుగా. రెండు వేల మూడు వందల ఏళ్ళ కిందట పోసిన రాళ్ళ మీద వాళ్ళ పెదనాన్న కాఫీ తాగుతాడు.

నా అట్లాంటిస్ సంగతీ అడిగాను. ఆమె నవ్వింది కానీ ఎగతాళి చేయలేదు. మునిగిన నగరం చూస్తామని దూరదేశాల నుంచి వస్తారట. వాళ్ళ నాన్న పడవలో తీసుకెళ్ళి నీళ్ళ అడుగున పడి ఉన్న స్తంభాలు చూపిస్తాడట. "వాళ్ళు కిందికి చూసి ఏడుస్తారు అంకుల్. పైనున్న మమ్మల్ని చూడరు" అంది.

ఇంటికొచ్చి బైబిల్లో ఆ వాక్యం తీశాను. ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు కానీ ఈసారి ఒక మాట దగ్గర ఆగిపోయాను. ఆ ఊరు వలలు ఆరబెట్టుకునే బండ అవుతుందని ప్రవక్త అన్నాడు. నేనెప్పుడూ ఆ మాటని శాపంలాగే చదివాను. మీ వదిన చార్టు వేసినప్పుడు ఆ బండ మీద వల పట్టుకున్న ఒక ఆడమనిషిని కూడా వేసింది. పాడుబడిన ఊళ్ళో మనుషులేమిటి, తీసెయ్ అన్నాను. "వల ఆరేసిన చోట మనిషి ఉండదా అండీ? వల తనంతట తాను ఆరేసుకుంటుందా?" అంది. జాలరి ఇంటి పిల్ల, దానికి తెలుసు. నేను వినలేదు. తీయడానికి దానికి మనసొప్పక, పైన నీలం గుడ్డతో మాసిక వేసింది. ఇప్పటికీ సముద్రంలో ఆ చోట చిన్న చదరం ఉంటుంది.

నీ అన్నయ్య


ప్లేనో,
మే 18.

అన్నయ్యా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. రెండోసారి ఏడ్చాను. మూడోసారి ఇండియన్ స్టోర్ ముందు కారు ఆపి చదువుతుంటే, "ఆ ఊరు లేదమ్మా" దగ్గర నవ్వాపుకోలేక దిగకుండా కూర్చున్నాను.

ఇక దాచను. ఫెబీ ఆ రోజు చర్చి నుంచి వెళ్ళిపోయింది కానీ తూరుని వదలలేదు. సెలవు దొరికినప్పుడల్లా ఆ ఫినీషియన్ల ఊళ్ళ గురించే చదువుతుంది. ఎవరి కూతురు మరి! పోయిన ఏడాది స్పెయిన్ వెళ్ళింది, కాదిజ్ అనే ఊరికి. తూరువాళ్ళు వెళ్ళి కట్టిన రేవట అది, వాళ్ళ సముద్రం అయిపోయి మహాసముద్రం మొదలయ్యే చోట. అట్లాంటిస్ అక్కడే ఎక్కడో ఉండేదని ఇప్పటికీ వెదికేవాళ్ళున్నారట. ఒక నాటకశాల కింద తవ్వితే ఫినీషియన్ల వీధి బయటపడిందట. అద్దాల మీద నడుస్తూ కిందికి చూస్తే వాళ్ళ పొయ్యిలు కనబడ్డాయని చెప్పింది. "అత్తా, మూడు వేల ఇయర్స్ ముందు ఎవరో అక్కడ వంట చేశారు" అంది.

అక్కడ ఒక కథ చెప్పుకుంటారట. మనిషి రూపంలో చెక్కిన ఫినీషియన్ల రాతి శవపేటిక ఒకటి దొరికింది, మగమనిషిది. దానికి జోడుగా ఆడమనిషిది ఉండి తీరుతుందని అక్కడి మ్యూజియం పెద్దాయన జీవితమంతా ఊరు తవ్వించాడు. దొరకలేదు, ఆయన పోయాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత దొరికింది. ఎక్కడో తెలుసా? ఒకప్పుడు ఆయన కాపురమున్న ఇంటి స్థలంలో. ఫెబీ ఇదంతా చెప్పింది. తర్వాత, "అత్తా, అమ్మ చార్టు నాకు కావాలి" అంది. అందుకే నీకు రాశాను.

ఎందుకో ఇప్పుడు చెబుతాను. కోప్పడకు. ఆ మాసిక కింద ఉన్నది ఎవరో ఆడమనిషి కాదు. వదిన వాళ్ళమ్మ శేషమ్మ. ఆమె పోయేటప్పటికి వదినకి పధ్నాలుగేళ్ళు. ఫోటో ఒక్కటీ లేదు. గిలకలదిండి గట్టు మీద కాలి బొటనవేలికి వల తగిలించి చిల్లులు కుట్టుకునే మనిషి. తల్లి మొహం మర్చిపోతానేమోనన్న భయంతో వదిన ఆమెని అక్కడ వేసుకుంది. నీకెందుకు చెప్పలేదని నేనూ అడిగాను. "ఆయన తీసెయ్యమన్నాక ఇంకేం చెబుతాను జ్యోతీ? మా అమ్మని తీసెయ్యమన్నట్టు ఆయనకి ఎప్పటికీ తెలియకూడదు. తెలిస్తే తట్టుకోలేడు" అంది.

ఫెబీకి మాత్రం చెప్పింది. చిన్నప్పుడు మాసిక మీద దాని వేలు పెట్టించి, "ఇక్కడ మీ అమ్మమ్మ ఉంది" అనేదట. ఆ పిల్ల క్లాసులో లేచి "అక్కడ మనుషులు ఉన్నారు" అన్నది ఫోను చూసి మాత్రమే కాదు అన్నయ్యా.

నీకు చెప్పనని వదినకి మాటిచ్చాను. ఇప్పుడు తప్పుతున్నాను. వదిన క్షమిస్తుందనే అనుకుంటున్నాను.

జ్యోతి


షామ్‌బర్గ్,
జూన్ 15.

జ్యోతికి,

నీ ఉత్తరం వచ్చాక మూడు వారాలు చార్టు పెట్టె తెరవలేదు. భయం వేసింది. భార్య చేత దాని తల్లిని దాని చేతులతోనే కప్పించినవాణ్ణి, ఏ మొహంతో తెరవను?

నిన్న మా క్లాసు. మిషన్ పెట్టుకున్నా పాస్టరుగారు ముందనుకున్నట్టే ఆఖరు పాఠమని కేకు తెప్పించారు. నేను నవాల్‌ని పిలిచాను, వచ్చింది. పిల్లలు నలభై మంది, వెనక పెద్దవాళ్ళు. చార్టు కట్టించి, కర్ర పక్కన పెట్టేసి నిలబడ్డాను.

"ఈ ఊరు వెదికినా దొరకదని ముప్పై ఏడేళ్ళుగా చెప్పాను. ప్రవక్త తప్పు చెప్పలేదు. ఆనాటి రాజులూ ఆ గర్వమూ దొరకవు, నిజమే. కానీ వలలు ఆరేస్తారని కూడా ఆయనే చెప్పాడు. నేను సగం చదివి సగం మింగాను. తొమ్మిదేళ్ళ కిందట ఇదే గదిలో నా కూతురు ఫెబీ లేచి నాకు నిజం చెప్పింది. నేను దాన్ని బయటికి పంపాను. తప్పు నాది" అన్నాను.

గదిలో చీమ చిటుక్కుమంటే వినబడేలా ఉంది. ఇప్పుడు నాకు నిజంగానే వినబడుతుంది కదా.

నవాల్‌ని ముందుకు పిలిచి, "ఈమె తూరు నుంచి వచ్చింది" అన్నాను. పిల్లలు ఎలా చూశారనుకున్నావు! ముందు వరసలో హాసిని అనే పిల్ల వచ్చి ఆమె చెయ్యి ముట్టుకుని చూసింది, నిజమా కాదా అని. నవాల్ ఆ చేతిని వదల్లేదు.

తర్వాత మాసిక విప్పుదామని జేబులోంచి బ్లేడు తీశాను. గట్టి కుట్లుంటాయని, బట్ట చిరుగుతుందని జంకాను. దగ్గరికి వెళ్ళి కళ్ళజోడు సర్దుకుని చూద్దును కదా, అవి కుట్లే కావు. కచ్చా కుట్లు, జ్యోతీ. దర్జీ కొలత చూడటానికి వేసి తర్వాత పీకేసే కుట్లు. మూల దగ్గర దారం కొస ముడి వేయకుండా వదిలిపెట్టింది. బ్లేడు అక్కర్లేకపోయింది. ఆ కొస పట్టుకుని లాగాను. మొత్తం ఒక్కసారిగా చేతిలోకి ఊడి వచ్చింది.

ఎప్పుడో ఒకప్పుడు నేను లాగుతానని అన్నేళ్ళూ ఎదురుచూసిందది.

కింద శేషమ్మగారు కూర్చుని ఉన్నారు. బొటనవేలికి వల. మొహం మీద ఎండ. చార్టంతా వెలిసిపోయింది కానీ వెలుగు తగలని ఆ జానెడు చోట నేరేడు రంగు ఇంకా ఊదాగానే ఉంది. తూరు రాజులకి అద్దిన రంగు నా అత్తగారి చీరకి వేసింది మీ వదిన. నవాల్ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "మా నాన్నమ్మ ఇలాగే కూర్చునేది" అంది.

నేను అందరి ముందూ ఏడ్చాను. సిగ్గు వేయలేదు.

చార్టు ఇవాళే సన్నీవేల్‌కి పంపాను. ఉత్తరం పెడదామని నాలుగు కాగితాలు పాడుచేశాను. చివరికి నీలం మాసిక మాత్రం మడిచి లోపల పెట్టాను, దారంతో సహా. ఫెబీకి అర్థమవుతుందా?

అన్నయ్య


సన్నీవేల్,
జులై 6.

డాడీకి,

నేను తెలుగు రాస్తున్నాను. అమ్మ నేర్పింది కొంచెం గుర్తు ఉంది. జ్యోతి అత్త వీడియోలో తప్పులు చూసింది. చాలా ఉన్నాయి అని నవ్వింది.

పార్శిల్ వచ్చింది. చార్టు ఫ్లోర్ మీద పరిచాను. నా అపార్ట్‌మెంట్ చిన్నది, సముద్రం కిచెన్ దాకా వచ్చింది. అమ్మమ్మ దగ్గర కూర్చున్నాను, రెండు గంటలు. ఆమె ముక్కు నా ముక్కు. నాకు ఎవరూ చెప్పలేదు అది.

నీ మాసిక చూశాను. అర్థం అయింది. హాసిని వాళ్ళ మమ్మీ క్లాస్ వీడియో పంపింది. నువ్వు నా పేరు చెప్పావు. తొమ్మిది ఇయర్స్ తర్వాత నీ గొంతులో నా పేరు విన్నాను. నేను ఆ ముక్క చాలాసార్లు చూశాను.

నేను కూడా సారీ. నేను నిజం చెప్పాను కానీ అందరూ నవ్వాలి అనే చెప్పాను. అది నాకు తెలుసు.

చార్టు నేను ఉంచుకోను. అది క్లాస్‌ది. ఆగస్ట్‌లో టికెట్ బుక్ చేశాను, నేనే పట్టుకుని వస్తాను, బ్యాగ్‌లో వేయను, చేతిలోనే. పాస్టర్ అంకుల్‌కి చెప్పు, అది లాస్ట్ క్లాస్ కాదు. నువ్వు తూరు మళ్ళీ చెప్పాలి, మనుషులు ఉన్న తూరు. అట్లాంటిస్ కూడా చెప్పు, నాకు ఇష్టం.

నేను వెనక బెంచ్‌లో కూర్చుంటాను. చెయ్యి ఎత్తి క్వశ్చన్స్ అడుగుతాను. చాలా ఉన్నాయి.

ఆ రోజు మిషన్ పెట్టుకో డాడీ.

ఫెబీ